ఐ.బి.యస్. నిర్వచనము – గుణదోషములు

రేఖాగణితమున నిర్వచనము పొరపాటయినచో లెక్క తప్పును. వైద్యమున పొరపాటయినచో రోగి లెక్కలోనికే రాడు. ఐ.బి.యస్. అను ఉదర వ్యాధి ఇందుకు ఉదాహరణము.

ఐ.బి.యస్. అనగా ఇరిటబుల్ బవెల్ సిండ్రోం. తేలికగా రేగు ప్రేగు వలన కలుగు లక్షణముల గుంపు. దీనిని పట్టి ఇచ్చు రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. నిర్వచనమే ఇక్కడ కొలబద్ద. 2016లో రోమ్ ఫౌండేషన్ ప్రకటించిన నాలుగవ నిర్వచనము ప్రకారము గడచిన మూడు నెలలలో సగటున వారమునకు ఒక దినమైనను కడుపునొప్పి ఉండవలెను. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధము, విసర్జనల సంఖ్యలో మార్పు, మలము రూపములో మార్పు – ఈ మూడింటిలో రెండైనను తోడు కావలెను. బాధ మొదలై ఆరు నెలలైనను కావలెను.

మొదట గుణము చెప్పుదము. "పరీక్షలలో ఏమియు తేలలేదు గనుక ఐ.బి.యస్." అని గాక, ఉన్న లక్షణములను బట్టియే ఇది రోగమును గుర్తించుచున్నది; ప్రేగునకు మెదడునకు నడుమ కలిగిన పొత్తులేమిగా దీనిని ఎంచుచున్నది. ఇది వట్టి ఊహ కాదు. రిచీ అను వైద్యుడు రోగుల పెద్దప్రేగులో బెలూన్ ఉంచి గాలి నింపగా, ఇతరులలో పెక్కుమందికి నొప్పి కలిగింపని పరిమాణమే వారిలో పలువురిని బాధించినదని 1973లో ప్రకటించెను. 2000 సంవత్సరమున కెనడాలోని వాకర్టన్ పట్టణములో త్రాగునీరు కలుషితమై వేలమంది జబ్బుపడిరి. రెండు మూడేండ్ల తరువాత కూడ వారిలో ఐ.బి.యస్. ఇతరులకంటె హెచ్చుగా కనబడినది. కావున రోగితో "అంతయు నీ మనసులోనే ఉన్నది" అనుట అశాస్త్రీయము.

ఇక దోషము. 2006 నాటి మూడవ నిర్వచనమున "నొప్పి లేక అసౌకర్యము" అని ఉండెడిది. రెండవ మాటకు ఒక్కొక్క భాషలో ఒక్కొక్క అర్థము వచ్చుచున్నదని దానిని తీసివేసిరి; నెలకు మూడు దినములన్నది వారమునకొక దినమయ్యెను. ఫలితమేమి? 2021లో వెలువడిన అంతర్జాతీయ సర్వేలో, ఇంటర్నెట్ ద్వారా ప్రశ్నలకు బదులిచ్చినవారిలో పాత కొలతకు నూటికి 10.1 మంది, కొత్త కొలతకు 4.1 మంది రోగులని తేలిరి. ప్రేగులు మారలేదు, మాటలు మారినవి! పరిశోధనకు ఈ బిగువు మేలే. కాని మన నెల్లూరు తీరమున "కడుపు ఉబ్బరము", "కడుపులో గడబిడ", "విరేచనము సాఫీగా కాలేదు" అని చెప్పుకొనువాడు నొప్పి అను మాట ఎత్తకనే పోవచ్చును. అతని బాధకు పేరేది? వైద్యుడు కొలబద్దతోపాటు రోగి భాషను కూడ వినవలెను.

పేరు తెలిసిన పిమ్మట బెదరి చేపల పులుసు మొదలు అన్నియు మానుట తగదు. అన్నము, చేప ప్రేగులో పులిసి వాయువు పుట్టించునవి కావు. ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు పుట్టించును. పులుసులో తప్పు చేపది గాక ఉల్లిది కావచ్చును! వైద్యుని సలహాతో కొన్ని వారములు మాని చూచి, సరిపడినవానిని తిరిగి చేర్చుకొనవలెను. మలములో రక్తము, బరువు తగ్గుట, జ్వరము, రక్తహీనత – వీనిలో ఏది ఉన్నను ఐ.బి.యస్. అని సరిపెట్టుకొనక పరీక్షలు చేయించవలెను.

ఈ వ్యాధి ఆయువును తగ్గించునది కాదు, ప్రేగును పుండు చేయునది కాదు. కాని ఒక్క పూటలో పోవునదియు కాదు. రోగి ఈ రెండు సత్యములను కలిపి గ్రహించుటయే సమాధానపడుట. తరగతి నడుమ మాటిమాటికి బయటికి పోవుటకు అనుమతి కోరు విద్యార్థిని సాకులు చెప్పువానిగా ఎంచక, ఉపాధ్యాయులు ఈ నిర్వచనమును ఒకసారి జ్ఞాపకము చేసికొందురు గాక!