అంకెలకు పేర్లు పెట్టేవాళ్లు

నెట్‌వర్క్‌లో పారే సమాచారాన్ని విప్పి చూపే వైర్‌షార్క్ తెర అడుగున 01 00 19 అంటూ బారులు తీరే హెక్స్ అంకెలు చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. దానికి ప్లగిన్ రాసేవాళ్లు ఆ అంకెలకు పేర్లు పెడతారు: మొదటి బైటు సందేశం రకం, తర్వాతి రెండూ పొడవు, మన లెక్కలో 25. ఆ రెంటినీ తిరగేసి చదివారో, 25 కాస్తా 6400 అయి కూర్చుంటుంది! టీసీపీలో సందేశం ముక్కలై వస్తే మిగతాది అందేదాకా ఆగమని చెప్పడం ఇంకో నేర్పు. ఇంతా చేసి ఆ ప్లగిన్ ఒక చిన్న లువా ఫైలు. ప్లగిన్ల ఫోల్డర్‌లో పడేసి కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే చాలు, కంపైల్ చేసే బాదరబందీ లేదు. అర్ధరాత్రి సర్వర్ మొరాయిస్తే తప్పెక్కడుందో వెతకడానికి ఆ పేర్లే దారి. ఈసారి ఆ ఫైలు తెరిచినప్పుడు, పైన రాసినవాళ్ల పేరుంటే ఒక్కసారి చదవండి.