మధ్యలో మూడో మనిషి

కె. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ (1986) కథంతా ఒక చిక్కుముడి చుట్టూ అల్లుకుంది. హరికి చూపు లేదు, సుభాషిణికి మాట రాదు. అతను వేణువు ఊదితే ఆమె వింటుంది. హరిప్రసాద్ చౌరాసియా వేణువు కాబట్టి మనమూ చెవులప్పగిస్తాం. మరి ఆమె జవాబు చెప్పాలంటే? సైగ చేస్తే అతనికి కనబడదు. ఆమె చిత్రకారిణి, కానీ ఎంత బొమ్మ గీసినా అతనికి అందదు. ఎవరో ఒకరు మధ్యలో ఉండి చెప్పాలి, లేదా ఆమె అతని చెయ్యి అందుకోవాలి. మధ్యలో ఇంకో మనిషి ఉన్నంతసేపూ ప్రేమకు ఏకాంతం ఎక్కడిది? వైకల్యం ఉన్నవాళ్ల దగ్గరితనాన్ని తెరకెక్కించే దర్శకుడు దాటాల్సిన మొదటి గడప ఇదేనని నా నమ్మకం.

అదే 1986లో అమెరికాలో ‘చిల్డ్రన్ ఆఫ్ ఎ లెస్సర్ గాడ్’ వచ్చింది. నిజజీవితంలోనూ వినికిడి లేని మార్లీ మాట్లిన్ అందులో నాయిక. 21 ఏళ్లకే ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. ఆమె చేతుల్లో కోపం, కోరిక, మొండితనం అన్నీ పలుకుతాయి. అయితే ఆమె సైగ చేసినదాన్ని ప్రేక్షకుల కోసం నాయకుడే పైకి పలుకుతుంటాడు. అంటే ప్రియుడే దుబాసీ అయ్యాడు. అంత గొప్ప నటన మనదాకా మరొకరి గొంతులోంచి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అంతకు చాలా ముందే, 1972లో గుల్జార్ ‘కోశిష్’లో ఆ దుబాసీ అవసరమే లేకుండా చేశాడు. సంజీవ్ కుమార్, జయా భాదురి వినలేని, మాట్లాడలేని దంపతులు. వాళ్ల సైగల సంసారంలో పరాయివాళ్లం మనమే. బిడ్డకు వినబడుతుందో లేదోనని వాళ్లు గిలక్కాయ ఆడిస్తారు. బిడ్డ పట్టించుకోడు. గుండె జారిపోయి డాక్టరు దగ్గరికి పరుగెడతారు. తీరా చూస్తే గిలక్కాయలో గింజలే లేవు! అది మోగడం లేదని ఆ ఇద్దరికీ తెలిసే దారి లేదు. ఒకే భయం, ఒకే పరుగు. ఆలుమగల అన్యోన్యం చూపడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సాయి పరాంజపే ‘స్పర్శ్’ (1980)లో అడ్డు వచ్చేది మనిషి కాదు, జాలి. అంధుల పాఠశాల ప్రిన్సిపాల్ అనిరుధ్‌గా నసీరుద్దీన్ షా, భర్త పోయిన కవితగా షబానా ఆజ్మీ. ఆమెది ప్రేమ కాదు, త్యాగమేమోనన్న అనుమానంతో నిశ్చితార్థమయ్యాక కూడా అతను వెనక్కి తగ్గుతాడు. మన తెలుగు సినిమాకు ఈ అనుమానం ఎందుకు రాదో! చాలాసార్లు మనకు త్యాగమే ప్రేమ, ఆపరేషనే శుభం కార్డు. ‘రంగస్థలం’ (2018)లో సరిగా వినబడని చిట్టిబాబు రామలక్ష్మి వెంట అందరు కుర్రాళ్లలాగే పడడం అందుకే నాకు పండగలా అనిపించింది.

షోనాలీ బోస్ ‘మార్గరిటా విత్ ఎ స్ట్రా’ (2014) ఇంకా లోపలికి వెళ్లింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న లైలాకు స్నానం చేయించాలన్నా తల్లి కావాలి. తల్లి రేవతి, లైలా కల్కి కొష్లిన్. ఆ వైకల్యం ఉన్న అమ్మాయే ఆ పాత్ర వేసి ఉంటే ఎంత బాగుండేదన్న వెలితి ఉంది. కానీ తల్లి చేతికీ ప్రియుల చేతికీ ఉన్న తేడాను ఈ సినిమా చూపినంత ధైర్యంగా చూపినవి అరుదు. సాయం చేసే చెయ్యి ఏ క్షణాన కోరిక చెయ్యి అవుతుందో దాచకుండా చూపిస్తుంది. లైలా కంప్యూటర్‌లో ఏం చూస్తోందో తల్లి కంటపడినప్పుడు ఆ పిల్ల అడిగేది క్షమాపణ కాదు, తనకంటూ కాస్త ఏకాంతం.

చివర్లో లైలా ముస్తాబై, ఎవరినో కలవబోతున్నదానిలా ఒక్కతే బయల్దేరుతుంది. మార్గరిటా తెప్పించుకుని స్ట్రాతో తాగుతుంది. ఎదురుగా ఉన్నది అద్దం.