జానకికి ముందు ఏముంది?

వార్తా సంస్థ పంపిన ఇంగ్లీషు కాపీలో జానకి అన్న పేరు కనబడగానే నా పెన్ను ఆగుతుంది. ఏ జానకి? పాటలు పాడిన జానకా, సినిమాల్లో నటించిన జానకా, ముఖ్యమంత్రిగా చేసిన జానకా, మొక్కల మీద పరిశోధన చేసిన జానకా? కేరళ ఆవిడా, మన రేపల్లె వైపు ఆవిడా? జవాబు పేరులో దొరకదు. పేరుకు ముందున్న ఒకటి రెండు అక్షరాల్లో దొరుకుతుంది. హెడ్డింగులో చోటు చాలనప్పుడు మొట్టమొదట ఎగిరిపోయేవీ ఆ అక్షరాలే. వాటిని తీసేయొద్దని నేను మా డెస్కులో పట్టుబడుతుంటాను. ఎందుకంత పట్టుదల అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. వాళ్ళకు జానకుల కథే చెబుతాను.

1950లో మద్రాసులో రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి విజయా వాళ్ళ మొదటి చిత్రం ‘షావుకారు’, ఎల్వీ ప్రసాద్ దర్శకత్వం. అందులో ఎన్టీ రామారావు పక్కన కొత్తమ్మాయి జానకి. రెండోది తమిళంలో ‘మరుదనాట్టు ఇళవరసి’. అందులో ఎంజీఆర్ పక్కన మరో జానకి. ఒకే ఊరు, ఒకే పరిశ్రమ, ఇద్దరూ కథానాయికలే. ఏడేళ్ళు తిరిగేసరికి, 1957లో, మూడో జానకి వచ్చి మైకు ముందు నిలబడింది. ముగ్గుర్నీ పేరు పెట్టి పిలవాలంటే ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి. ఆ ఏదో ఒకటి ముగ్గురికీ మూడు దారుల్లో వచ్చింది.

మొదటావిడకు సినిమా పేరే ఇంటిపేరైంది. రాజమండ్రిలో 1931లో పుట్టిన మనిషి, మద్రాసు రేడియోలో నాటకాలు వేసిన గొంతు. పెళ్ళయి బిడ్డ తల్లి అయ్యాక సినిమాల్లోకి వచ్చింది. ‘షావుకారు’ పేరే పుట్టింటి పేరునూ మెట్టినింటి పేరునూ పక్కకు తోసి షావుకారు జానకిని చేసింది. అసలు ఆ సినిమాలో షావుకారు ఆవిడ కాదు, ఆవిడ తండ్రీ కాదు. షావుకారు చెంగయ్య వేషం గోవిందరాజుల సుబ్బారావుది. ఈవిడ వేసింది పొరుగింటి సుబ్బులు పాత్ర. అయినా పేరు అంటుకుంది. తమిళంలోకి వెళ్ళాక ‘సౌకార్ జానకి’ అయింది. ఇంగ్లీషులోనూ ఆ తమిళ పలుకుబడే స్థిరపడింది. 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ప్రభుత్వ జాబితాలోనూ సౌకార్ జానకే. ఆ ఇంగ్లీషు కాపీని తెలుగు చేసేటప్పుడు ‘సౌకార్’ అని దించేస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. తమిళ పత్రిక సౌకార్ అని రాయాలి, అది వాళ్ళ హక్కు. మనం షావుకారు అని రాయాలి. ఆ మాట పుట్టింది మన సినిమాలో. తండ్రి ఇవ్వకుండా, భర్త ఇవ్వకుండా, చేసిన పని ఇచ్చిన ఇంటిపేరు అది. అంతకన్నా గౌరవమైన ఇంటిపేరు మరొకటి ఉంటుందని నేననుకోను.

మైకు ముందు నిలబడిన జానకికి ముందున్నది ఒకే ఒక్క అక్షరం, ‘ఎస్’. అంటే శిష్ట్లా. పుట్టింది 1938లో, రేపల్లె దగ్గర పల్లపట్లలో. పెళ్ళయ్యాక కూడా ఆ పుట్టింటి అక్షరమే గ్రామఫోను రికార్డుల మీదా, సినిమా టైటిళ్ళలోనూ నిలిచింది. ఉత్తమ గాయనిగా జాతీయ అవార్డు నాలుగుసార్లు అందుకుంది: తమిళంలో ‘16 వయదినిలే’కు, ‘తేవర్ మగన్’కు, మలయాళంలో ‘ఓప్పోళ్’కు, తెలుగులో ‘సితార’కు. 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే, చాలా ఆలస్యంగా ఇచ్చారని వద్దంది. ఆ ‘ఎస్’ను విప్పి శిష్ట్లా అని రాసేవాళ్ళు ఇప్పుడు తక్కువే. ఆవిడ పాట వినేవాళ్ళకు ఆ అక్షరమూ అక్కర్లేదు, జానకమ్మ అంటే చాలు. మన దగ్గర ‘అమ్మ’ చేరితే ఇల్లాలి పేరవుతుంది, పాటకత్తెకు చేరితే బిరుదవుతుంది.

ఎంజీఆర్ పక్కన నటించి, తర్వాత ఆయన్ను పెళ్ళాడిన జానకి వి.ఎన్. జానకి. ‘వి’ అంటే వైక్కం, ఊరు. ‘ఎన్’ అంటే నారాయణి, తల్లి. తండ్రి పేరు రాజగోపాల్ అయ్యర్, కానీ పేరులోకి వచ్చింది అమ్మ. ఎంజీఆర్ పోయాక 1988 జనవరిలో ఆవిడ తమిళనాడు ముఖ్యమంత్రి అయింది, ఆ రాష్ట్రానికి మొదటి మహిళా ముఖ్యమంత్రి. ప్రభుత్వం నెల కూడా నిలవలేదు. చరిత్ర పుస్తకాలు ఆ కొన్నాళ్ళను ఒక వాక్యంలో దాటేస్తాయి, చాలాచోట్ల ‘ఎంజీఆర్ సతీమణి’ అన్న మాటతోనే సరిపెడతాయి. ఆ రెండక్షరాలూ రాస్తే ఒక ఊరూ ఒక తల్లీ కూడా ఆ వాక్యంలోకి వస్తారు.

అందరికన్నా పొడుగైన దారి ఇ.కె. జానకీ అమ్మాళ్‌ది. 1897లో తలశ్శేరిలో పుట్టింది. ‘ఎడవలెత్ కక్కాట్’ అన్నది ఇంటిపేరు, మనలాగే ముందు వస్తుంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1931లో డాక్టరేట్ తీసుకుంది. కోయంబత్తూరులో చెరకు మీద పనిచేసింది. చెరకును ఇతర గడ్డిజాతులతో సంకరం చేసి వాటి క్రోమోజోములు లెక్కపెట్టింది. లండన్‌లో సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాస్ 1945లో వెలువరించింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోనే విస్లీ తోటల్లో పనిచేసినప్పటి గుర్తుగా అక్కడ తెల్లపూల మాగ్నోలియా రకానికి జానకీ అమ్మాళ్ అని పేరు పెట్టారు. ఇక్కడే జానకి పేరు ఎవరూ ఊహించని చోటికి వెళ్ళింది: లాటిన్‌లోకి. పడమటి కనుమల్లో ఒక మొక్క పేరు సొనెరిలా జానకియానా. అదే కనుమల్లో 2019లో శాస్త్రవేత్తలు వర్ణించిన ఒక బల్లి పేరు ద్రవిడోగెక్కో జానకియే. ఆ చివరనున్న ‘యే’ లాటిన్ స్త్రీలింగ షష్ఠీ విభక్తి. మన తెలుగులో ‘యొక్క’ అని బరువుగా చెప్పే పని అక్కడ ఒక్క అచ్చు చేసింది. మిథిలలో పుట్టిన పేరు ఒక బల్లి వెనక విభక్తితో సహా నిలబడడం నాకెంతో సంతోషం.

ఆవిడ కాలం చేసింది 1984లో, మద్రాసులో. అదే మద్రాసులో అదే రోజుల్లో ఇంకో జానకీ అమ్మాళ్ ఉంది. పేరులో ఒక్క అక్షరం తేడా లేదు. ట్రిప్లికేన్‌లో బట్టలు కుట్టి బతికిన మనిషి, గణితవేత్త శ్రీనివాస రామానుజన్ భార్య. 1909లో పెళ్ళి జరిగేనాటికి ఆమెకు పదేళ్ళు. 1920లో ఆయన పోయాడు. ఆ తర్వాత 74 ఏళ్ళు బతికింది. కుట్టుపని నేర్చుకుంది, ఒక పిల్లాణ్ణి పెంచుకుని పెద్ద చేసింది. భర్తకు విగ్రహం పెడతామన్నారు, పెట్టలేదని ఆవిడ అన్న మాట అమెరికా గణితవేత్త రిచర్డ్ ఆస్కీ చెవిన పడింది. ఆయన లోకమంతటా గణితం వాళ్ళను కదిపి చందాలు పోగుచేశాడు. శిల్పి పాల్ గ్రాన్‌లండ్ చేసిన రామానుజన్ ప్రతిమ ఆవిడ ఇంటికి వచ్చింది. ఈ జానకికి ముందు ఏ అక్షరమూ లేదు. ఎక్కడ రాసినా ‘రామానుజన్ భార్య’ అనే రాస్తారు, నేనూ ఇప్పుడే అలా రాశాను, లేకపోతే మీకు ఎవరో తెలియదు. అందుకే కుట్టుమిషను ముచ్చట వదలకుండా చెబుతాను. అది ఆవిడ సొంతం.

పేరు సంగతికొస్తే, జానకి అంటే జనకుడి కూతురు. వైదేహి అంటే విదేహ దేశపు పిల్ల, మైథిలి అంటే మిథిల పిల్ల. నాన్న, దేశం, ఊరు. మన ఇంటిపేర్లూ ఇనీషియళ్ళూ చేసే పనంతా సీతమ్మ పేర్లలోనే ఉంది. త్యాగరాజు కాంభోజిలో ఆవిణ్ణి ‘మా’ జానకిగా చేసుకుని, ఈవిడ చెయ్యి పట్టుకున్నందువల్లే నువ్వు గొప్పవాడివయ్యావని రాముడికే చెప్పాడు. పుట్టింటివాళ్ళు మాట్లాడే తీరు అది. తెలుగువాళ్ళకు ఆ పేరు మీద అంత చనువు ఎక్కణ్ణుంచి వచ్చిందో అందులో తెలుస్తుంది.

రాయడంలో మాత్రం ఒక్కో చోట ఒక్కో తీరు. సంస్కృతంలో చివర దీర్ఘం. తెలుగులో విడిగా రాస్తే పొట్టి, జానకి. సమాసంలో దీర్ఘం తిరిగొస్తుంది: జానకీదేవి, మగవాళ్ళకైతే జానకీరామయ్య. హిందీవాళ్ళు మనలాగే మూడక్షరాలు రాసి జాన్కీ అని పలుకుతారు, ఇంగ్లీషులోకీ ఆ పలుకుబడే వస్తుంది. తమిళంలో ‘క’ మాటమధ్యలో ‘గ’ అయి జానగిలా వినబడుతుంది. ‘జ’ తమిళ అక్షరం కాదు కాబట్టి తమిళ రామాయణ కవి కంబర్ చానకి అని రాశాడు. మలయాళీలు ఇంగ్లీషులో చివర ‘ఐ’ బదులు ‘వై’ పెట్టడం తరచు చూస్తుంటాం. ఈ మధ్య మన దగ్గర సంఖ్యాశాస్త్రం చెప్పేవాళ్ళ మాట విని మొదట్లో రెండు ‘ఏ’లు పెడుతున్నారు. ఇవన్నీ ఒక పేరు తిరిగిన దారులు. వినడానికి ముచ్చటగా ఉంటుంది, ఆఫీసు కౌంటరు దగ్గర నిలబడేదాకా.

మా మేనత్త పేరు జానకి. పసుపు కుంకుమల కింద తాతయ్య ఇచ్చిన అరెకరం పాసుపుస్తకంలో ఆవిడ జానకమ్మ, ముందు పుట్టింటి పేరు. రేషన్ కార్డులో జానకి, అత్తింటి పేరు. బ్యాంకులో ఇంగ్లీషులో జానకీదేవి, ఇంటిపేరు ఒక అక్షరమై పేరు చివరికి వెళ్ళిపోయింది. మామయ్య పోయాక ఆయన డిపాజిట్ తీసుకోవడానికి వెళితే ఈ ముగ్గురూ ఒక్కరేనని రుజువు తెమ్మన్నారు. వన్ అండ్ సేమ్ సర్టిఫికెట్ అంటారు దాన్ని. నోటరీ దగ్గర కుర్రాడు స్టాంపు కాగితం మీద టైపు చేశాడు, జానకమ్మ అలియాస్ జానకి అలియాస్ జానకీదేవి అని. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని, అక్షరమక్షరం చదివి, తలెత్తి అడిగింది: “నేను నేనేనని సంతకం పెట్టాలా నాయనా?”

“రూలు మామ్మగారూ” అన్నాడతను, మెత్తగానే.

పెట్టింది. పలక మీద నేర్చుకున్న గుండ్రటి చేతిరాత. జకు దీర్ఘం సాగదీసి, న రాసి, కకు గుడి పెట్టి, కాస్త ఆగి, ఆ ముందు ఖాళీలో పుట్టింటి పేరు మొదటి అక్షరం ఇరికించింది. అత్తింటిది పెట్టాలేమో అన్నాను. “పొలం ఆ పేరు మీదే ఉందిగా” అంది. అప్పుడు నాకు శిష్ట్లా జానకిగారి ‘ఎస్’ గుర్తొచ్చింది.

ముందక్షరం కాదు, అసలు పేరే మారిపోయిన జానకి కూడా ఉంది. కుందాపురలో 1945లో పుట్టిన ఆ జానకి కన్నడంలో కథ రాసి ‘సుధా’ వారపత్రికకు పంపింది. అది నిజంగా జరిగిన సంగతి కావడంతో బెంగపడి, వేయొద్దని మళ్ళీ రాసింది. సంపాదకుడు కథ వేశాడు, పేరు మార్చి. జానకి స్థానంలో వైదేహి. ఆ పేరే నిలిచింది, 2009లో ‘క్రౌంచ పక్షిగళు’ కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఆ పేరుకే వచ్చింది. ఆ సంపాదకుడి తెలివికి నేను నమస్కారం పెడతాను. మనిషిని దాచాడు, పేరును చెరపలేదు. సీతమ్మ ఒక పేరులోంచి తీసి ఇంకో పేరులో పెట్టాడు.

దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది 2025లో. మలయాళంలో ఒక సినిమా, సురేష్ గోపి, మన తెలుగువాళ్ళకూ తెలిసిన అనుపమ పరమేశ్వరన్ నటించారు. అత్యాచారానికి గురై న్యాయం కోసం కోర్టుకెక్కిన అమ్మాయి కథ, ఆ అమ్మాయి పేరు జానకి. సీతాదేవి పేరు అలాంటి పాత్రకు పెట్టకూడదని సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఆపింది. కేరళ హైకోర్టు న్యాయమూర్తి స్వయంగా సినిమా చూశారు. చివరికి రాజీ కుదిరింది. టైటిల్‌లో జానకికి ‘వి’ అన్న అక్షరం చేర్చాలి, కోర్టు సన్నివేశాల్లో కొన్నిచోట్ల ఆ పేరు వినబడకుండా చేయాలి. ‘వి’ అంటే పాత్ర తండ్రి విద్యాధరన్. నాన్న అక్షరం తోడుంటే ఆ అమ్మాయి దేవత కాదు, మామూలు మనిషి అన్నమాట. ఈ వాదన నాకు మింగుడుపడదు. వాల్మీకి రామాయణంలోని జానకి అపహరణకు గురైంది, నిందకు గురైంది, నిండు సభలో తన మాట తాను చెప్పింది. న్యాయం అడిగే అమ్మాయికి ఆ పేరు కాక ఏ పేరు నప్పుతుంది? ఊరూరా మేనత్తలూ పిన్నులూ బడిపిల్లలూ మోసిన పేరు అది. వాళ్ళలో ఏ ఒక్కరికి కష్టమొచ్చినా ఆ పేరుతోనే పోలీసు స్టేషన్‌కు వెళతారు. ఇనీషియల్ అన్నది ఆ మనిషి ఎవరో చెప్పడానికి. ఆమె పేరు ఎత్తడానికి అనుమతి చీటీగా కాదు.

ఈ మధ్య ఒక పాఠకుడు ఫోన్ చేసి, మనవరాలికి జానకి అని పెడుతున్నాం, ఇంగ్లీషులో ‘ఏ’ ఒకటా రెండా అని అడిగారు. ఒకటి చాలండీ, ఇన్నాళ్ళూ కోట్లమంది ఒకదానితోనే పలికారు అన్నాను. ఇంకో రెండు మాటలు కూడా చెప్పాను. జనన ధ్రువపత్రంలో పేరు వెంటనే రాయించకపోయినా 15 ఏళ్ళలోపు చేర్చుకోవచ్చు, కానీ బడిలో వేసేలోపే రాయించండి. ఎందుకంటే బడిలో రాసిందే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి వెళుతుంది, అక్కణ్ణుంచి పాస్‌పోర్టుదాకా. ఇంటిపేరు ఒక అక్షరంగా కుదించకుండా పూర్తిగా రాయించండి. “ఏ ఇంటిపేరు?” అన్నారాయన వెంటనే. “మా కోడలు తన ఇంటిపేరు కూడా ఉండాలంటోంది.” రెండూ పెట్టండి, ఫారంలో చోటుంది అన్నాను.