విశ్వాసి యెదుగుదల: ఒక పరిశీలనము

భక్తిలో మెట్లు లెక్కించు అలవాటు మన దేశమునకు క్రొత్త కాదు. భాగవతము చదివినవారు శ్రవణము మొదలు ఆత్మనివేదనము వఱకు తొమ్మిది విధముల భక్తిని ఎఱుగుదురు. కన్నడ సీమలో వెలసి తెలుగు సీమకు వ్యాపించిన వీరశైవము భక్తుడు, మహేశ్వరుడు, ప్రసాది, ప్రాణలింగి, శరణుడు, ఐక్యుడు అని ఆఱు స్థలములు చెప్పినది. మన తెలుగు క్రైస్తవ కుటుంబములలోను ఇట్టి లెక్క యొకటి వాడుకలో నున్నది. విశ్వాసులలో శిశువులు, యౌవనస్థులు, తండ్రులు అని మూడు తరగతులు. మొదటివారికి పాలు, కడపటివారికి బలమైన ఆహారము. ఈ లెక్క ఎంతవఱకు సరియైనది, దానిని మనము వాడుచున్న తీరు ఎంతవఱకు మేలైనది అను సంగతిని ఇచట పరిశీలింపనెంచినాము. మేము వేదాంత పండితులము కాము; మెట్రిక్యులేషను చదివి, గుమాస్తాగిరిలో ఉద్యోగకాలము గడిపినవారము. అయినను కాగితముపై నున్నదానికిని, దానిని చూపి జనులు చేయుదానికిని గల తేడాను కనిపెట్టుట గుమాస్తాకు నిత్యకృత్యము గనుక ఈ సాహసమునకు పూనుకొన్నాము.

ముందుగా ఆ వాదమును న్యాయముగా చెప్పవలెను. అది ఊరక పుట్టినది కాదు. యోహాను మొదటి పత్రికలో పిల్లలను, తండ్రులను, యౌవనస్థులను వేఱువేఱుగా పిలిచిన చోటు కలదు. పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు, వారికి అన్నము పెట్టుటకు వీలుగాక పాలే పోసితినని చెప్పెను. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలోను ఇదే పోలిక వచ్చును. ఈ మూడు చోట్లను కలిపి బోధకులు ఒక నిచ్చెన కట్టినారు. క్రొత్తగా నమ్మినవాడు పాపక్షమాపణ తెలిసి సంతోషించును. తరువాత శోధనలతో పోరాడి గెలుచును. కడకు దేవుని ఎఱిగిన శాంతిలో నిలుచును. ఇందులో మంచి లేకపోలేదు. నిన్న చేరినవానిపై నేడే పెద్దల బరువు మోపరాదను దయ ఇందులో నున్నది. పాలుత్రాగు బిడ్డకు రాగిసంకటి పెట్టు తల్లి ఉండదు గదా!

అయితే మూలమును నిదానముగా చదివినయెడల ఆ నిచ్చెన మెట్లు కొంత కదలుచున్నట్లు తోచును. యోహాను పత్రికలో వరుస పిల్లలు, యౌవనస్థులు, తండ్రులు అని లేదు. పిల్లల తరువాత తండ్రులు, ఆ తరువాతనే యౌవనస్థులు వత్తురు. అదే వరుస రెండుసార్లు వచ్చును. మెట్లు చెప్పదలచినవాడు నడిమి మెట్టును చివర పెట్టడు. ఇంక పాల సంగతి. పేతురు తన మొదటి పత్రికలో విశ్వాసులు అప్పుడే పుట్టిన శిశువులవలె పాలను ఆశింపవలెనని హితవు చెప్పెను. కనుక పాలు త్రాగుట తనంతట సిగ్గుచేటు కాదు. మఱి కొరింథువారిని పౌలు ఎందుకు మందలించెను? వారికి చదువు లేకనా? ఆ పత్రిక మొదటనే వారు మాటలోను జ్ఞానములోను సమృద్ధి గలవారని ఆయన ఒప్పుకొన్నాడు. వారి పసితనమునకు ఆయన చూపిన గుఱుతు అసూయ, కలహము. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని పక్షములు కట్టుటయే ఆయన కంటికి పసితనముగా కనబడినది.

హెబ్రీయుల పత్రికలో వయస్సు వచ్చినవారనగా మేలు కీడులను తెలిసికొను శక్తిని అభ్యాసముచేత సాధించినవారు. అచట చెప్పినది అభ్యాసము. గడచిన ఏండ్ల లెక్క కాదు. ఫిలిప్పీయులకు వ్రాయునాటికి పౌలు చెఱలో నున్న పండిన మనిషి. ఆయనయే తాను ఇంకను సంపూర్ణుడను కాలేదని చెప్పి, సంపూర్ణులైనవారందఱు ఇట్లే తలంపవలెనని వెంటనే అనుట గమనింపదగినది. రోమీయులకు వ్రాసిన పత్రికలో బలముగలవాని కర్తవ్యము ఇంకను తేటపడును. బలవంతుడు తన్ను తాను సంతోషపెట్టుకొనక బలహీనుని బలహీనతను భరింపవలెను. మా మట్టుకు మాకు ఈ విషయములో తుది కొలత ఇదియే యని తోచుచున్నది. విశ్వాసి ఎంత ఎత్తు ఎక్కినాడని కాక, ఎవరి బరువును ఎత్తుకొన్నాడని అడుగవలెను.

కచేరీలలో సీనియారిటీ జాబితా యుండును. చేరిన తేదీనిబట్టి అందు పేరు పైకి జరుగును. పని నేర్చినను నేర్వకున్నను, పైవాడు రిటైరయినంతనే క్రిందివాడు పెద్దవాడగును. కచేరీ నడుచుటకు అట్టి జాబితా అవసరమే. దేవాలయములో గాని ప్రార్థన కూటములో గాని అది చొచ్చినయెడల చేటు. ముప్పది యేండ్ల క్రిందట బాప్తిస్మము పొందితినని చెప్పుట చేరిన తేదీని చెప్పుటయే. పని ఎంతవఱకు వచ్చినదో ఆ తేదీ చెప్పదు.

ఈ విషయమున క్రైస్తవ గ్రంథములలో బైబిలు తరువాత మిక్కిలి పేరొందిన జాన్ బనియను కథను చూతము. మనవారు దానిని యాత్రికుని ప్రయాణము అను పేర ఎఱుగుదురు. 1678లో వెలువడిన మొదటి భాగములో యాత్రికుని వీపుమీది మూట సిలువయొద్ద జాఱిపడును. అది త్రోవ మొదటి భాగముననే జరుగును. మెట్ల లెక్క సరియైనచో ఆ తరువాత కష్టములు తగ్గుచు రావలెను. బనియను అట్లు వ్రాయలేదు. నిరాశ యను రాక్షసుడు యాత్రికుని పట్టి సందేహపు కోటలో వేయుట ప్రయాణము చాల సాగిన పిదప. కడపటి నదిలో సహితము అతడు మునిగిపోవుదునని భయపడగా, వెనుక చేరిన సహచరుడు తల పైకెత్తి ధైర్యము చెప్పును. ముందు నడచినవానికి వెనుక చేరినవాడు ఊతయైనాడు. ఇంతటి సత్యమును ఇంత సులువుగా చెప్పుట గొప్ప రచయితకే చెల్లును.

ఐనను ఆ మొదటి భాగములో ఒక కొఱత కలదు. యాత్రికుడు ఆలుబిడ్డలను విడిచి, చెవులు మూసికొని ఒంటిగా పరుగెత్తును. బనియను 1684లో వ్రాసిన రెండవ భాగములో ఆ భార్య పిల్లలతో బయలుదేఱును. దారిలో మనోబలము లేనివాడొకడు, చంకకఱ్ఱలతో నడచువాడొకడు వారితో కలియుదురు. వెనుకబడుదునేమోనని ఆ బలహీనుడు జంకగా, దారి చూపు వీరుడు వారికొఱకు నిదానించి నడచుటయే తన పని యని చెప్పును. మొదటి భాగము చదివి పుస్తకము మూయువారు ఈ చోటును పోగొట్టుకొందురు. మా అభిప్రాయమున పరిపక్వతను గుఱించి బనియను చెప్పినదానిలో మేలైనది ఈ రెండవ భాగములోనే యున్నది.

ఇది కథ. మన తెలుగు చరిత్రలో దీనికి సాక్ష్యమున్నదా? ఒంగోలు సంగతి అందఱు వినినదే. 1876–78 నాటి మహాకఱవులో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో కొంత త్రవ్వకము గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. అన్నముకొఱకు మతము పుచ్చుకొన్నారను మాట రాకుండుటకై సహాయము సాగినంతకాలము బాప్తిస్మములు ఆపెను. పిదప 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో పెక్కుమంది చదువురాని మాదిగ కులస్థులు. అచట చేరినవారికి మొదట నేర్పిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు.

పైనుండి చూచువాడు ఇవి పాలే గదా యనవచ్చును. కాని ఆదివారము పనికి రాననుట ఆ కాలమున భూస్వామితో తగవు తెచ్చుకొనుట. గ్రామదేవత జాతరలో డప్పు వేయననుట ఊరంతటితో వైరము. ఆకలి కాలమున దొరకిన మాంసమును కాదనుట ఎంతటిదో కఱవెఱిగిన మన పావగడ సీమవారికి చెప్పనక్కఱలేదు. వారికి పాలుగా పోసినది నేటి పెద్దలనేకులకు అరుగని ఆహారము. మొదటి మెట్టే అన్నిటికంటె ఎత్తుగా నున్నప్పుడు నిచ్చెన పోలిక నిలువదు. ఆ ప్రాంతమున తొలుత నమ్మిన ఎఱ్ఱగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి; అంతకు మునుపే యోగమార్గమున ఉపదేశము పొందిన సాధకుడు. ఆయన తన సాధన పెద్దదని ఒకచోట కూర్చుండక, ఊరూరు తిరిగి తనవారికి బోధించెను.

పురుషోత్తమ చౌదరి (1803–1890) ఇంకొక త్రోవను వచ్చినవాడు. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణుడు, పండితుడు. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. ఆయన తన పాండిత్యమును గ్రంథములలో దాచుకొనక, రాగతాళములు కుదిర్చి నూటికి పైగా కీర్తనలు కట్టెను. అక్షరము రాని కూలివాడును వానిని విని నేర్చి పాడగలిగెను. పండితుని మాట పామరుని నోట తన సొంత ప్రార్థనయైనది. పరిపక్వత యనగా నిట్టిది.

కొరింథు పక్షములకు మన దేశమున కులమని పేరు. గుఱ్ఱము జాషువ 1941లో వ్రాసిన గబ్బిలము కావ్యములో గుడి తలుపు తనకు మూసియుండగా, లోపలికి పోగల గబ్బిలముద్వారా శివునికి సందేశము పంపువాడు కథానాయకుడు. ఆ జాషువయే రచించిన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. హిందూ పురాణములపై ఆయనకు గల ప్రీతిని క్రైస్తవులలో కొందఱు సహింపలేదు. వాక్యములెన్నో కంఠస్థముగా నుండియు, ప్రక్క బల్లపై కూర్చున్నవాని కులము ఆరాతీయు పెద్దను ఏ తరగతిలో చేర్చవలెనో పౌలు చెప్పియే యున్నాడు.

ఇంక మన ఇంటి సంగతి. బలసముద్రము కర్ణాటకములోనిది, మన పావగడ తాలూకాకు మూడు ప్రక్కల ఆంధ్ర దేశమే. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము. తెలుగు బైబిలు భాష గ్రాంథికము. కన్నడ బడిలో చదివిన పిల్లవాడు దానిని తడుముకొనుచు చదివినయెడల, పెద్దలు నవ్వి, వీడింకను పాలబిడ్డ యందురు. భాష రాకపోవుటను విశ్వాసము లేకపోవుటగా లెక్కించుట ఘోరమైన పొరపాటు. అట్టి నవ్వు రెండుసార్లు వినిన పిల్లవాడు మూడవ ఆదివారము రాడు. భాషయు పోవును, భక్తియు పోవును. అజరయ్య (1874–1945) మాతృభాష తమిళము. ఆయన 1909లో దోర్నకలుకు వచ్చి తెలుగు నేర్చి తెలుగువారికి సేవచేసెను. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పు ఆయెను. తెలుగు తడబాటే కొలతయైనచో ఆ మహనీయుడు దోర్నకలులో మొదటి దినమున శిశువుగా నిలువవలసినదే! 1805లో విశాఖపట్నమున తెలుగు పని మొదలిడినవారును, 1831 నాటికి బళ్ళారి నుండి కన్నడ బైబిలును పూర్తిచేసినవారును ఒకే లండను మిషనువారు. కావున పిల్లవానికి తెలుగు నేర్పుదము. నేర్చువఱకు కన్నడమున చదువనిత్తము.

ఇంకొక అపాయము కలదు. 2018 మార్చి 1న ప్రారంభమైన మన సౌర విద్యుత్ క్షేత్రములో బలసముద్రము, తిరుమణి మొదలైన అయిదు గ్రామముల భూములు చేరినవి. దాదాపు 13,000 ఎకరములు; 2,050 మెగావాట్ల సామర్థ్యము. భూమి రైతుదే, పంట లేదు, కౌలు వచ్చును. వానలు లేని సీమలో అది తప్పు కాదు. విశ్వాసములో మాత్రము ఇట్లు జీవింపరాదు. తాత ఏనాడో పడిన పాట్లను చెప్పుకొని, ఆ పేరుమీద మనుమడు దున్నక విత్తక పెద్దఱికము అనుభవించుట కౌలు తినుటయే.

అట్లయిన దశలే లేవా యని చదువరులు అడుగవచ్చును. కలవు. బోధకునికి ఎవరికి ఏది పెట్టవలెనో తెలియుటకు అవి కావలెను. వైద్యుడు రోగి నాడి చూచుట మందిచ్చుటకే. వీధిలో చాటుటకు కాదు. ఆ లెక్క పెట్టు చేతికి పనికివచ్చును, తిను నోటికి అక్కఱలేదు. ఎవడైన తానే తన తరగతిని ప్రకటించుకొన్నచో, ఆ క్షణముననే లెక్క చెడినది.

మన చేలలో చెనిక్కాయ పండు తీరు ఈ సందర్భమున తలంపదగినది. పసుపుపచ్చని పూవు పైన కనబడును. పూవు వాడిన పిదప ఊడ క్రిందికి వంగి మన్నులో దిగును. కాయ పట్టుటయు గింజ ముదురుటయు నేల లోపలనే జరుగును. పైన ఆకు ఎంత పచ్చగా నున్నను రైతు నమ్మడు; ఒక చెట్టు పెఱికి, కాయ చిదిపి గింజ చూచును. మన సంఘములలోను పెద్దలను ఎన్నుకొనునపుడు ఈ రైతు వివేకము చూపుదుము గాక. ఎన్ని యేండ్లనియు, ఎన్ని వాక్యములు వచ్చుననియు అడుగుటకు ముందు, ఆయనవలన ఏ బలహీనుడు నిలిచెనో, ఏ పిల్లవాడు మఱుసటి ఆదివారము తిరిగి వచ్చెనో విచారింపవలెనని మా మనవి.