అంబాసిడర్, పద్మిని: దించిన రెండు ఇంజన్లు

హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఒకప్పుడు ఆగి ఉన్న కారును బట్టి లోపలి మనిషిని పోల్చుకోవచ్చు. అసెంబ్లీ, సచివాలయం, డీజీపీ కార్యాలయం వైపు తెల్ల అంబాసిడర్లు. సొంత సంపాదనతో కారు కొనుక్కున్న డాక్టర్లకూ వకీళ్లకూ ప్రీమియర్ పద్మిని. ఈ రెండింటిలో ఏదో ఒకటి ఇప్పటికీ షెడ్డులో ఉంచుకున్నవాళ్ల ప్రశ్న ఒకటే: ఇంజన్ దింపి పూర్తిగా చేయిస్తే ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది?

అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజన్ 1489 సీసీ, పద్మినిది 1089 సీసీ. పెద్ద ఇంజన్‌కి పెద్ద బిల్లు అనుకుంటారు చాలామంది. కానీ లేత్ షాపులో బోరింగ్‌కి సిలిండర్ లెక్కన, క్రాంక్ గ్రైండింగ్‌కి జర్నల్ (క్రాంక్ మీద బేరింగ్ కూర్చునే చోటు) లెక్కన తీసుకుంటారు. రెండింటికీ నాలుగేసి సిలిండర్లు, మూడేసి మెయిన్ బేరింగులు, నాలుగేసి కనెక్టింగ్ రాడ్లు. ఏడు జర్నళ్లు ఇక్కడా, ఏడు జర్నళ్లు అక్కడా. మిషన్ పని ఇంచుమించు సమానమే.

తేడా అంతా హెడ్‌లో ఉంది. అంబాసిడర్ హెడ్ పోత ఇనుము, బరువు. ఒకసారి ఇంజన్ వేడెక్కినా తట్టుకుంటుంది. పద్మినిది అల్యూమినియం. హైదరాబాద్ మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని నీళ్లు మరిగితే వంగిపోతుంది. రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే నీటిదారుల దగ్గర లోహం తినేసుకుపోతుంది. ఫేసింగ్ కొట్టించి సరిచేయవచ్చు, కానీ అలా ఎన్నిసార్లని? కొట్టించిన ప్రతిసారీ లోహం తరుగుతుంది, కంప్రెషన్ పెరుగుతుంది. ఒక హద్దు దాటిన హెడ్‌కి మరో హెడ్ వెతకడమే దారి. పద్మిని యజమానికి నెలలు గడిచిపోయేది ఆ వెతుకులాటలోనే.

అలాగని అంబాసిడర్‌నే మెచ్చుకుని ఊరుకోలేం. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత ఇనుప హెడ్‌లో వాల్వ్ సీట్లు నేరుగా ఆ ఇనుములోనే కోసినవి. సీసం కాపాడినన్నాళ్లు బాగానే ఉన్నాయి, అది పోయాక మెల్లగా అరిగి లోపలికి దిగిపోతాయి. అందుకే హెడ్ విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించుకోవాలి. పద్మిని అల్యూమినియం హెడ్‌లో మొదటినుంచీ సీట్లు విడిగా బిగించినవే కాబట్టి ఈ బెడద తక్కువ. ఇంకొకటి: అంబాసిడర్‌కి క్రాంక్ వెనక వైపు రబ్బరు సీలు లేదు, మరలాంటి గాడి ఒక్కటే నూనెను లోపలికి తిప్పుతుంది. కాస్త చెమర్చడం దాని స్వభావం. ఆ మరక చూసి కొత్తగా చేయించిన ఇంజన్‌ను మళ్లీ దింపించే వాళ్లున్నారు. ఆ డబ్బు దండగ.

విడిభాగాల సంగతికి వస్తే పద్మిని బాగా వెనకబడింది. అంబాసిడర్ తయారీ ఉత్తరపారాలో 2014 దాకా సాగింది. పద్మినిని ఇన్నాళ్లు బతికించింది ముంబై టాక్సీలు. రోజూ తిరిగే బండ్లు ఉన్నంతకాలం పిస్టన్లు, రింగులు, ప్యాకింగులు చేసేవాళ్లు ఉంటారు. 2023 అక్టోబరుతో అక్కడ పద్మిని టాక్సీల కాలం చెల్లింది. ఇక మిగిలేది పాత నిల్వలే, అవి ఏటికేడు తగ్గేవే.

ఇంత శ్రమ ఎందుకు, వేరే ఇంజన్ వేసేద్దాం అనేవారూ ఉన్నారు. ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటుంది. మార్చాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, ఆ మార్పు ఆర్‌సీలోకి ఎక్కించాలి, ఖైరతాబాద్ ఆర్టీఏ చుట్టూ తిరగాలి. అన్నిటికీ మించి, పద్మినిలో పద్మిని ఇంజన్ లేకపోతే మిగిలేది రేకు డబ్బా.

నా తీర్పు ఇది. డబ్బు, సమయం రెండూ లెక్కపెట్టేవారికి అంబాసిడర్ మేలు. కానీ ముందుగా చేయించవలసింది పద్మినినే, ఎందుకంటే దానికి గడువు దగ్గరపడుతోంది. ఏ బండి అయినా పిస్టన్ సెట్, బేరింగులు, ప్యాకింగ్ సెట్ చేతికి వచ్చాకే మెకానిక్‌ను ఇంజన్ విప్పమనండి. పిస్టన్ సైజు తేలాలంటే బోరు కొలవాలి కదా అంటారు. హెడ్ ఒక్కటి ఎత్తి కొలిపించి, మళ్లీ మూసి, ఆ సైజు దొరికేదాకా ఆగండి.