పడ్డ పాచికను పడ్డట్టే

1941 అమెరికన్ లీగ్ బేస్‌బాల్ సీజన్‌ని ఇంట్లో బల్ల మీద మళ్లీ ఆడించేవాళ్లున్నారు. అమెరికాలో 1961లో అమ్మకానికొచ్చిన స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అనే ఆటలో ఆటగాడికో కార్డు, మూడు పాచికలు. వాటిలో విడిగా చూసే పాచిక మీద ఒకటి నుంచి మూడు పడితే బ్యాటర్ కార్డు, నాలుగు నుంచి ఆరు పడితే పిచ్చర్ కార్డు చూడాలి.

పాచికలు ఎవరైనా వేస్తారు. పనితనమంతా ఖాతా రాయడంలో ఉంది. ఎనిమిది జట్లు, జట్టుకు 154 ఆటలు. సగం సీజన్‌కే 308 స్కోరుషీట్లు. అప్పుడు స్థానాల పట్టిక వేయాలి. గెలుపుల తేడా, ఓటముల తేడా కూడి సగం చేస్తే, వెనకబడ్డ జట్టు ఎన్ని ఆటల దూరంలో ఉందో తేలుతుంది. ఒకరి గెలుపు రాసి ఎదుటివారి ఓటమి మరిచారా, మొత్తాలు కుదరవు. ఇక షీట్లన్నీ తిరగేయాల్సిందే!

బ్యాటింగ్ సగటు ఇంకా సున్నితం. హిట్లను ఎట్-బ్యాట్లతో, అంటే లెక్కలోకొచ్చే బ్యాటింగ్ అవకాశాలతో, భాగిస్తే వచ్చేదది. వాక్ (బంతి కొట్టకుండానే బేస్ దక్కడం) ఎట్-బ్యాట్ కిందికి రాదు. శాక్రిఫైస్ ఫ్లై (తాను ఔటై తోటివాడికి పరుగు ఇప్పించే దెబ్బ) ఇప్పుడు రాదు గానీ 1941లో వచ్చేది. అది తెలిసి, ఆనాటి లెక్కే పాటించేవాడికి దణ్ణం పెట్టాలి.

ఆ ఏడాది అసలు సీజన్‌లో బ్యాటర్ టెడ్ విలియమ్స్ 456 ఎట్-బ్యాట్లలో 185 హిట్లు కొట్టి .406 సగటు సాధించాడు. బల్ల మీద అతను సగం సీజన్‌కి .350 దగ్గరే ఆగిపోవచ్చు. చెయ్యి ఎంత దురద పెట్టినా ఆ అంకె దిద్దనివాడే నా దృష్టిలో అసలైన లెక్కగాడు.