తడిసిన ధాన్యం, సత్యం లేఖ

తడిసిన ధాన్యం అమ్మడం తప్పా? తడిసిందని చెప్పి అమ్మితే తప్పుకాదని గోస్పాడు వరి రైతుకు తెలుసు. దైవప్రవక్త (స) అంగడిలో ఒక ధాన్యపురాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన తడిపిందన్నాడు వర్తకుడు. ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీశారు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు డైరెక్టర్లకు రాసిన లేఖకు ఇదే గీటురాయి. నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు లేనివేనని ఆయన ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు మెచ్చదగినదే. కాని చిన్న తేడా ఏళ్ళ తరబడి పెరిగిపోయిందని, తాను ఒక్క రూపాయీ తీసుకోలేదని చెప్పడం వానపై నెపం మోపిన వర్తకుని జవాబు వంటిదే. లాభం తగ్గడం పాపం కాదు. దానిపై పొడిగింజలు పరచడమే ద్రోహం. ఆ లెక్కలు నమ్మి వాటాలు కొన్నవారి సొమ్ము అమానత్ కాదా?

బోర్డు సభ్యులకు ఇదేమీ తెలియదని కూడా లేఖ అంటుంది. మరి రాశిలో చేయి పెట్టవలసినవారెవరు? 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా నిర్ణయించిన 10 మందిలో ఇద్దరు ఆడిటర్లున్నారు. తరువాత అప్పీలులో శిక్షల అమలు నిలిచింది. అయినా పాఠం నిలిచే ఉంది: కంపెనీలో నీతి యజమాని మనస్సాక్షికే వదిలేది కాదు. గుమాస్తా మొదలు ఆడిటరు దాకా ప్రతి ఒక్కరూ రాశిలో చేయి పెట్టి చూడవలసిందే.